సంతకం కూడా అమానతే

 



మస్జిదులో ఇమామతు చేసేవారి దగ్గరికి ప్రజలు నమాజు, రోజాల మస్‌అలాలు మాత్రమే తీసుకురారు. జుహర్ నమాజు అయ్యాక ఒకరు ప్రోనోటు తెస్తారు, మరొకరు కోర్టు నుంచి వచ్చిన కవరు తెస్తారు. ఇంకొకరు పాత దస్తావేజు మడతలు విప్పి "ఇందులో ఏముందో కాస్త చూడండి హజ్రత్" అంటారు. ప్రజలకు మాపై ఉన్న నమ్మకం అది. ఆ నమ్మకం విషయంలోనే మేము ఒకసారి పొరపాటు చేశాము. మరెవరూ ఆ పొరపాటు చేయకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేము కొత్తగా ఇమామతు చేపట్టిన రోజులవి. ఒక సోదరి తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. తండ్రి చనిపోయాక ఆమె ముగ్గురు అన్నదమ్ములు "ఇంటి పన్ను పేరు మార్పించాలి, ఒక సంతకం కావాలి" అని రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లారు. ఆమె సంతకం చేసింది, వేలిముద్ర వేసింది. కొన్ని నెలల తర్వాత నకలు చదివిస్తే తెలిసింది, అది ఇంటిలో తన హక్కును వదులుకుంటున్నట్లు రాసిన దస్తావేజు అని.

మేము వెంటనే వరాసత్ లెక్క వేశాము. మృతుని భార్యకు, అంటే ఆమె తల్లికి ఎనిమిదో వంతు. మిగిలిన దానిని ఏడు భాగాలు చేస్తే ముగ్గురు సోదరులకు రెండేసి భాగాలు, ఆమెకు ఒక భాగం. అంటే మొత్తం ఇంటిలో ఆమెది కూడా సరిగ్గా ఎనిమిదో వంతే. లెక్కలో తప్పు లేదు. సోదరుల దగ్గరికి వెళ్లి అల్లాహ్‌కు భయపడమని చెప్పాము. వాళ్లు తల ఊపి "చూద్దాం మౌల్వీ సాబ్" అన్నారు. ఆ సోదరితో మేము "సబర్ చెయ్యమ్మా, తోడబుట్టిన వాళ్లను కోర్టుకు ఈడ్చవద్దు" అన్నాము. ఆమె మా మాట విన్నది.

నాలుగో ఏడు ఇల్లు అమ్ముడుపోయింది. అప్పుడు ఆమెను ఒక వకీలు దగ్గరికి తీసుకెళ్లాము. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఈ కాగితం సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?" ఆమె చెప్పింది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, మోసంతో రాయించుకున్న దస్తావేజును రద్దు చేయమని దావా వేయడానికి ఆ సంగతి తెలిసిన రోజు నుంచి 3 సంవత్సరాలే గడువని వివరించాడు. మా వైపు తిరిగి, "లెక్క మీరు సరిగ్గానే చెప్పారు మౌలానా. గడువు సంగతి మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

ఆ రోజు మాకు ఒక హదీసు గుర్తుకొచ్చింది. దానిని మేము మదరసాలో ఎన్నోసార్లు చదివాము. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించగా, ఇమామ్ అబూ దావూద్ (రహ్మ) నమోదు చేశారు. ఒక ప్రయాణంలో ఒక వ్యక్తి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ స్థితిలోనే అతనికి గుసుల్ విధి అయింది. తయమ్ముమ్‌కు అనుమతి ఉందా అని తోటివారిని అడిగాడు. లేదన్నారు వాళ్లు. అతను స్నానం చేశాడు, దానివల్ల మరణించాడు. సంగతి విన్న దైవప్రవక్త (స) తీవ్రంగా బాధపడ్డారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని మందలించి, అజ్ఞానానికి మందు అడగడమేనని బోధించారు.

ఆ తోటివారి ఉద్దేశం చెడ్డది కాదు. మా ఉద్దేశం కూడా చెడ్డది కాదు. కాని తెలియని విషయంలో తెలిసినట్లు సలహా చెప్పడం వల్ల ఒక స్త్రీకి అల్లాహ్ నిర్ణయించిన వాటా చేజారింది. తెలియకపోతే జ్ఞానం ఉన్నవారిని అడగండని సూరహ్ నహ్ల్ 43వ ఆయతులో అల్లాహ్ ఆదేశించాడు. ఏది హలాల్, ఏది హరామ్, ఎవరి వాటా ఎంత అన్నది ఆలిమ్‌ను అడగాలి. ఆ హక్కును ఏ కాగితంతో, ఎన్ని రోజుల్లో, ఏ కోర్టులో నిలబెట్టుకోవాలన్నది వకీలును అడగాలి. రెండిటిలో ఏ ఒక్కటి వదిలినా నష్టమే.

అప్పు ఇచ్చినప్పుడు, తీసుకున్నప్పుడు

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు ఏదో తెలుసా? అది సూరహ్ బఖరా 282వ ఆయతు. దాని విషయం అప్పు పత్రం. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, న్యాయంగా రాసేవాడు ఉండాలని, అప్పు తీసుకున్నవాడే చెప్పి రాయించాలని, సాక్షులు ఉండాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు పడవద్దని అందులో ఉంది. మనవాళ్లేమో "సొంత బావమరిది, కాగితం అడిగితే ఏమనుకుంటాడో" అంటారు. అల్లాహ్ ఆజ్ఞ అమలు చేస్తే బంధుత్వం చెడుతుందా? చెడేది రాయనందువల్లే.

ఈ విషయంలో చట్టం చెప్పేది కూడా తెలుసుకోండి. ప్రోనోటు మీద ఇచ్చిన బాకీకి దావా వేసే గడువు మామూలుగా 3 సంవత్సరాలు. ఆ గడువు తీరకముందే బాకీ ఉన్నవాడు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసి రాసిస్తే, లేదా కొంత సొమ్ము కట్టి తన చేతితో జమ రాసి సంతకం చేస్తే, అక్కడి నుంచి మళ్లీ కొత్తగా 3 ఏళ్లు లెక్క మొదలవుతుంది. గడువు తీరిపోయాక ఏడ్చి లాభం లేదు.

ఇంకో సంగతి. ఖర్జె హసనగా ఇచ్చేవాళ్లు ప్రోనోటులో వడ్డీ గడిని ఖాళీగా వదిలేస్తుంటారు. అలా వదలవద్దు. వడ్డీ రేటు రాయని నోటుకు సంవత్సరానికి 18 శాతం చొప్పున లెక్క కట్టాలని 1881 నాటి చట్టంలో ఉంది. అందుకని "ఈ బాకీపై వడ్డీ లేదు" అని స్పష్టంగా రాయించండి. మీ వారసులు తెలియక హరామ్ సొమ్ము అడిగే పరిస్థితి రాకుండా ఉంటుంది.

బాకీ కింద ఇచ్చిన చెక్కు బౌన్సు అయితే రోజులు లెక్కపెట్టుకోవాలి. బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందుకున్నవాడికి డబ్బు కట్టడానికి 15 రోజుల వ్యవధి ఉంటుంది. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత ఒక నెలలోపు కోర్టులో ఫిర్యాదు చేయాలి. కాబట్టి చెక్కు తిరిగి వచ్చిన వారంలోనే వకీలును కలవండి. ఇక ఖాళీ ప్రోనోటు మీద, ఖాళీ స్టాంపు కాగితం మీద, మొత్తం రాయని చెక్కు మీద సంతకం చేసి ఇవ్వడం ఎంత దగ్గరి వారికైనా వద్దు.

అప్పు తీసుకున్న సోదరులకూ ఒక మాట. షహీదుకు అన్ని పాపాలూ క్షమించబడతాయి, అప్పు తప్ప. ఈ విషయాన్ని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. గడువు తీరి కోర్టులో దావా చెల్లకుండా పోయినంత మాత్రాన అల్లాహ్ దగ్గర బాకీ తీరిపోదు.

ఇల్లు, స్థలం కొనేటప్పుడు

గల్ఫులో పదేళ్లు ఎండలో కష్టపడి పంపిన డబ్బుతో ప్లాటు కొని, చివరికి చేతిలో ఒక అగ్రిమెంటు కాగితం మాత్రమే మిగిలినవాళ్లు మన మధ్య ఉన్నారు. అగ్రిమెంటుతో ఆస్తి మనది కాదు. జి.పి.ఏ. రాయించుకుని కొన్నామనుకోవడం కూడా కొనడం కిందికి రాదని, రిజిస్టరైన క్రయ దస్తావేజుతోనే యాజమాన్య హక్కు బదిలీ అవుతుందని 2011లో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది.

కాబట్టి బయానా ఇవ్వకముందే లింకు డాక్యుమెంట్లు, ఇ.సి. తీసుకుని వకీలుకు చూపించండి. అమ్మేవాడి తండ్రి పేరున ఉన్న ఆస్తి అయితే అతని అక్కచెల్లెళ్ల వాటా ఏమైందని తప్పక అడగండి. వాళ్లకు తెలియకుండా అమ్ముతున్న ఇల్లు మీరు కొంటే రేపు కోర్టులో చిక్కు, పరలోకంలో అంతకంటే పెద్ద చిక్కు. విదేశంలో ఉన్నవాళ్లు ఇక్కడి వారికి పవర్ ఆఫ్ అటార్నీ పంపేటప్పుడు అక్కడి భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేటులో ధ్రువీకరణ చేయించాలి. ఇక్కడికి అందిన 3 నెలల్లోపు స్టాంపు సుంకం కట్టాలి. ఏ పని కోసం అధికారం ఇస్తున్నారో ఆ పని ఒక్కటే అందులో రాయించండి.

వరాసత్, హిబా, వసీయత్

హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) ఉహద్‌లో షహీద్ అయ్యాక ఆయన సోదరుడు ఆస్తి మొత్తం తీసుకున్నాడు. ఆయన భార్య ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి మొర పెట్టుకుంది. వరాసత్ ఆయతు అవతరించింది. కూతుళ్లకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది తీసుకోమని ఆ సోదరుణ్ణి ప్రవక్త (స) ఆదేశించారు. గమనించండి, ఆ సహాబియా తన హక్కు అడిగినందుకు ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు. తన హక్కు అడగడం సబర్‌కు విరుద్ధం కాదు. మేము ఆ సోదరికి చెప్పవలసిన మాట ఇది.

మన దేశంలో 1937 నాటి షరీఅత్ చట్టం ప్రకారం ముస్లింల వరాసత్ విషయంలో షరీఅత్ నియమాలే వర్తిస్తాయి. ఉదాహరణకు ఒక వ్యక్తి భార్యను, ఒక కొడుకును, ఇద్దరు కూతుళ్లను వదిలి చనిపోయాడనుకుందాం. ఖననం ఖర్చు, అప్పులు, బాకీ ఉన్న మహర్, వసీయత్ పోను 32 లక్షలు మిగిలాయి. భార్యకు 4 లక్షలు, కొడుకుకు 14 లక్షలు, కూతుళ్లకు 7 లక్షల చొప్పున వస్తాయి. పెళ్లికి నగలు పెట్టామని, కట్నం ఇచ్చామని ఈ వాటా రద్దు కాదు. అయితే 1937 చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు దానిని సవరించుకున్నాయి. అందుకని పొలం విషయంలో మీ ప్రాంతానికి ఏది వర్తిస్తుందో వకీలునే అడగాలి.

బతికి ఉండగా పిల్లలకు ఇచ్చేది హిబా. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకునేవాడు ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం అనే మూడు షరతులు నెరవేరితే హిబా పూర్తవుతుంది. కాగితం మీద రాసినా రిజిస్ట్రేషను తప్పనిసరి కాదని 2011లో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. అయినా నోటిమాట హిబాల మీదే ఎక్కువ తగవులు వస్తున్నాయి. స్వాధీనం ఇచ్చాడని ఒకరు, ఇవ్వలేదని ఒకరు అంటారు. కాబట్టి రాయించి రిజిస్టరు చేయించడమే మేలు. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి ఆయనకు ఒక కానుక ఇచ్చి సాక్ష్యం కోసం వచ్చినప్పుడు, పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదనగానే అన్యాయానికి తాను సాక్షిగా ఉండనన్నారు. కూతుళ్లకు ఏమీ మిగలకూడదని కొడుకుల పేరున హిబా రాయించే తండ్రులు ఈ హదీసును గుర్తుంచుకోవాలి.

వసీయత్ ఆస్తిలో మూడో వంతు దాటకూడదు. వారసునికి వసీయత్ రాస్తే మిగిలిన వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. ఇది తెలియక ఆస్తి మొత్తం పెద్దకొడుకు పేరున వీలునామా రాసి వెళ్లిపోయిన తండ్రుల పిల్లలు ఇప్పుడు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు.

నికాహ్, ఆ తర్వాత

నికాహ్‌నామాలో మహర్ ఎంత, అందులో ఎంత ఇచ్చారు, ఎంత బాకీ అన్నది స్పష్టంగా రాయించి, ఒక నకలు ఆడపిల్ల తల్లిదండ్రులు దాచుకోవాలి. వివాహాన్ని ప్రభుత్వ రికార్డులో కూడా నమోదు చేయించండి. పాస్‌పోర్టు, వీసా వేళల్లో అది అవసరమవుతుంది.

భర్త 4 సంవత్సరాలుగా ఆచూకీ లేకపోయినా, 2 సంవత్సరాలు పోషణ ఇవ్వకపోయినా, ఇంకా కొన్ని ఇతర కారణాల వల్ల కూడా భార్య కోర్టు ద్వారా వివాహ రద్దు కోరవచ్చని 1939 చట్టంలో ఉంది. మన పెద్ద ఉలమాల ప్రయత్నంతో వచ్చిన చట్టమిది. అయినా మన సోదరీమణుల్లో చాలామందికి తెలియదు. ఒకేసారి మూడు తలాఖులు చెప్పడం మొదటి నుంచీ పాపమే. 2019 చట్టం ప్రకారం అది 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం కూడా. విడాకులు పొందిన ముస్లిం మహిళ అందరిలాగే సాధారణ చట్టం కింద కూడా భరణం అడగవచ్చని తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 జులై 10న సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. కోపంలో నోరు జారకముందే ఆలిమ్‌ను కలవండి. ఇద్దరి కుటుంబాల నుంచి చెరొక పెద్దమనిషిని మధ్యవర్తిగా పెట్టమని సూరహ్ నిసా 35వ ఆయతులో అల్లాహ్ చూపిన దారి ముందు తొక్కండి.

వకీలును ఎప్పుడు కలవాలి?

చదవలేని, అర్థం కాని కాగితం మీద సంతకం అడిగినప్పుడు. ఆస్తి కొనేముందు, అమ్మేముందు, పంచుకునేముందు. కోర్టు నుంచిగాని, వకీలు నుంచిగాని నోటీసు వచ్చినప్పుడు. సివిలు దావాలో సమన్లు అందితే మామూలుగా 30 రోజుల్లో జవాబు వేయాలి. కవరు తీసుకోకుండా తిప్పి పంపితే కేసు ఆగదు, మీరు లేకుండానే నడుస్తుంది.

ఇంటి బిడ్డను పోలీసులు తీసుకెళ్లినప్పుడు అసలే ఆలస్యం చేయవద్దు. అరెస్టు ఎందుకో తెలుసుకునే హక్కు, తనకు నచ్చిన వకీలుతో మాట్లాడే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. దళారులకు డబ్బు పోసేకంటే వకీలు దగ్గరికి పరుగెత్తడం మంచిది. లంచం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ శాపానికి గురిచేసే పనులని మరువవద్దు.

వకీలు దగ్గరికి వెళ్లేటప్పుడు జరిగింది జరిగినట్లు తేదీలతో ఒక కాగితం మీద రాసుకోండి. మీకు వ్యతిరేకంగా ఉన్న సంగతి కూడా దాచకండి. జిరాక్సులు ఇవ్వండి, అసలు కాగితాలు ఇవ్వవలసి వస్తే రసీదు తీసుకోండి. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకోండి.

"మా దగ్గర డబ్బెక్కడిది?" అంటారా? 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, నిర్బంధంలో ఉన్నవారికి, నిర్ణీత పరిమితి కంటే తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. స్త్రీల విషయంలో ఆదాయం ఎంతన్నది చూడరు. జిల్లా కోర్టులో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి, లేదా 15100 నంబరుకు ఫోను చేయాలి. రాజీకి ఇద్దరూ సిద్ధమైతే లోక్ అదాలత్ ఉంది. అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. సులహ్‌ను అల్లాహ్ మేలైనదన్నాడు. రాజీని నోటిమాటగా వదలక ఇలా గట్టి చేసుకోవడం మంచిది.

ఒక హెచ్చరిక

వకీలు సహాయం మన హక్కు కాపాడుకోవడానికే, ఇతరుల హక్కు తినడానికి కాదు. తెలిసి తెలిసి పరుల సొమ్ము మింగడానికి వ్యవహారాన్ని న్యాయాధికారుల దగ్గరికి తీసుకెళ్లవద్దని సూరహ్ బఖరా 188వ ఆయతులో ఉంది. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు ప్రకారం, వాదనలో నేర్పరి అయినవాడి మాట విని తాను తీర్పు చెప్పినా, అది సోదరుని హక్కు అయితే అతనికి దక్కేది అగ్నిఖండమేనని ప్రవక్త (స) హెచ్చరించారు. ప్రవక్త (స) తీర్పుతో దక్కినదే హలాల్ కానప్పుడు, మన జిల్లా కోర్టు డిక్రీతో దక్కింది హలాల్ అవుతుందా? గడువు తీరింది కదా అని నిశ్చింతగా ఉన్న ఆ సోదరి అన్నదమ్ములకు, అలాంటి వారందరికీ మేము చెప్పేది ఇదే: మీ చెల్లెలి గడువు తీరింది, మీ తౌబాకు గడువు ఇంకా ఉంది. ఇల్లు అమ్మిన డబ్బులో ఆమె ఎనిమిదో వంతు ఈరోజైనా ఇచ్చేయండి.

ఇప్పుడు మా దగ్గరికి ఎవరైనా కాగితం తెస్తే, షరీఅత్ మస్‌అలా చెప్పాక రెండు ప్రశ్నలు అడుగుతున్నాము: "ఇది ఎప్పటిది? వకీలుకు చూపించారా?" ఇమాములు, మస్జిదు కమిటీ పెద్దలు కూడా ఇలాగే అడగాలని మా మనవి. ప్రతి కమిటీ అల్లాహ్ భయం ఉన్న ఒక వకీలుతో పరిచయం ఉంచుకుంటే మొహల్లాలో ఎందరో ఆడపిల్లల హక్కులు నిలబడతాయి.

ఓ అల్లాహ్! తెలియకుండా మేము చెప్పిన సలహాల వల్ల ఎవరి హక్కు పోయిందో వారికి నీ వద్ద నుంచి మేలైన ప్రతిఫలం ప్రసాదించు. మమ్మల్ని క్షమించు. అడగడానికి సిగ్గుపడని బుద్ధిని, ఇతరుల హక్కు తినడానికి భయపడే మనసును మా ఇళ్లకు ప్రసాదించు. ఆమీన్.